పడవలో చోటు

అంత పెద్ద ఓడ కట్టారు గానీ అందులో బట్టలుతికే చోటు మాత్రం పెట్టలేదు. ఈత కొట్టడానికి కొలను పెట్టారు, గుర్రం లేకుండానే గుర్రపు స్వారీ చేయించే యంత్రం పెట్టారు. చాకిరేవు సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదో, మేమున్నాం కదా అనుకున్నారో. మాసిన దుప్పట్లు, బల్లగుడ్డలు, తువ్వాళ్ళు సంచుల్లో కుక్కి మళ్ళీ సౌతాంప్టన్‌కే తేవాలి, మా నార్తమ్ పేట ఆడవాళ్ళు ఉతకాలి. ఓడ రేవుకొచ్చేసరికి రెండో జత మడతలు పెట్టి సిద్ధంగా ఉంచాలి.

అందుకే టైటానిక్ బయల్దేరి వెళ్ళాక కూడా లాండ్రీలో దాని పనే నడుస్తోంది. ప్రతి దుప్పటి మూలా ఎర్రదారంతో చిన్న గుర్తు, ఆ ఓడదని తెలిసేటట్టు. గుట్టలు గుట్టలుగా తెల్లటి దుప్పట్లు, వాటి మూలల్లో ఎర్ర గుర్తులు.

దుప్పటి మడత ఇద్దరి పని. నెల్ హస్కెట్ ఒక వైపు రెండు కొసలు పట్టుకుంటే, ఫ్లోరీ డిబ్డెన్ ఇంకో వైపు పట్టుకునేది. బిగించి లాగి, ఒక్కసారి విదిలించి, ఎదురెదురుగా నడిచి కొసలు కలిపేవారు. నెల్ చేతిలోవి ఫ్లోరీ అందుకునేది, నెల్ వంగి కింది మడత ఎత్తేది. పెళ్ళి కాక ముందు నుంచీ ఇదే జంట. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు, నోళ్ళు మాత్రం ఊరకుండవు. ఇళ్ళు కూడా పక్కపక్కనే. మొగుళ్ళిద్దరూ ఆ ఓడలోనే, అడుగున బాయిలర్లలో బొగ్గు వేసే పనిలో ఉన్నారు, ఒకే షిఫ్టులో.

సోమవారం మధ్యాహ్నం మేస్త్రీ మిసెస్ గౌజ్ పేపరు పట్టుకుని లోపలికొచ్చింది. ఓడ మంచుగడ్డకి కొట్టుకుందట, అందరూ క్షేమమట, ఇంకో ఓడ దాన్ని తాళ్ళతో కట్టి లాక్కెళ్తోందట. నిజంగానే అలా అచ్చేశారు. లాండ్రీ అంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

"చూశావా నా ఖర్మ," అంది ఫ్లోరీ దుప్పటి కొస లాగుతూ. "బొగ్గు సమ్మె అని వారాల తరబడి ఇంట్లో కూర్చుని నా ప్రాణం తోడేశాడు సిడ్. పోనీలే పని దొరికింది అనుకుంటే, ఇప్పుడు ఓడ పాడైందని మళ్ళీ వచ్చి కూర్చుంటాడు."

"కూర్చోనీవే, పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటాడు."

"పొయ్యి దగ్గరా? కాళ్ళు చాపితే గది మొత్తం ఆయనే. నేను ఆ కాళ్ళ మీంచి దాటుకుంటూ వంట చెయ్యాలి."

నెల్ నవ్వింది. మిసెస్ గౌజ్ కూడా నవ్వింది. ఆమె కొడుకు అదే ఓడలో వడ్డన పనికి వెళ్ళాడు.

మర్నాటికి మాట మారింది, ఓడ మునిగిపోయిందట. అప్పటి నుంచి నాలుగు రోజులు మా ఊరి ఆడవాళ్ళందరూ ఓడ కంపెనీ ఆఫీసు గేటు ముందే నిలబడ్డారు, చంకలో పిల్లలతో, కొందరు ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఆప్రాన్ కూడా విప్పకుండా. బతికినవాళ్ళ పేర్లు గోడకి అతికించేవారు. ముందు పెద్ద టిక్కెట్టు వాళ్ళవి, తర్వాత మధ్య టిక్కెట్టు వాళ్ళవి, ఆ తర్వాత చౌక టిక్కెట్టు వాళ్ళవి. ఓడ నడిపినవాళ్ళ పేర్లు అన్నిటికంటే చివర. బతకడంలోనూ వరస పెడతారని మాకు అక్కడే తెలిసింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

చివరికి పనివాళ్ళ పేర్లు అతికించారు. ఫ్లోరీకి చదువు రాదు. ఆమె నెల్ చెయ్యి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ ముందుకు నడిపించింది.

"డి అక్షరం దగ్గర చూడు, డిబ్డెన్," అంది.

నెల్ చూసింది. లేదు. పై నుంచి మళ్ళీ చూసింది. లేదు. కళ్ళు కిందికి జారి వాటంతటవే హస్కెట్ దగ్గర ఆగిపోయాయి. ఇ. హస్కెట్. ఎడ్విన్. తన టెడ్. బతికాడు, దేవుడా, బతికాడు అని గుండె కొట్టుకుంటుంటే, ఆ సంతోషం మొహంలోకి రాకుండా పళ్ళు బిగించింది.

"చెప్పవేం? ఉందా?"

"ఇంకోసారి చూస్తాను ఉండు."

"రెండుసార్లు చూశావు నెల్. నేను నీ కళ్ళే చూస్తున్నాను." ఫ్లోరీ గొంతు మామూలుగానే ఉంది. "నీ వాడిది ఉందా?"

నెల్‌కి అబద్ధం ఆడాలనిపించింది. కానీ ఏమని ఆడుతుంది, ఊరంతా చదువుతోంది.

"ఉంది," అంది.

ఫ్లోరీ చెయ్యి వదిలేసింది. విసురుగా కాదు. పట్టుకున్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు మెల్లగా వదిలి, జనంలోంచి వెనక్కి నడిచి వెళ్ళిపోయింది.

మా దగ్గర ఇంట్లో ఎవరైనా పోతే వీధి కిటికీ తెర దించుతాం. పూడ్చి వచ్చాక ఎత్తుతాం. ఆ శుక్రవారం సాయంత్రానికి మా వీధిలో ఒక్కొక్కటే తెరలన్నీ దిగిపోయాయి. కానీ పూడ్చడానికి మనిషి ఏడీ? ఎప్పుడు ఎత్తాలో ఎవరికీ తెలియదు. పాస్టరుగారికీ తెలియదు. రెండు వైపులా చీకటి కిటికీలు, మధ్యలో నెల్ ఇంటి కిటికీ ఒక్కటే వెలుతురుగా ఉంది. ఎదురింటి ముసలావిడ గుమ్మంలో నిలబడి ఆ కిటికీ వైపు చూసి, తలుపేసుకుంది. నెల్ కుర్చీ వేసుకుని ఎక్కి తన తెర కూడా దించేసింది.

"నాన్న చచ్చిపోయాడా?" అని అడిగింది ఆరేళ్ళ ఎల్సీ.

"లేదమ్మా. వస్తున్నాడు."

"మరి తెర ఎందుకు దించావు?"

"ఫ్లోరీ అత్త కోసం," అంది నెల్.

లాండ్రీలో పని ఆగలేదు. పైనుంచి మాట వచ్చింది: ఆ ఓడ దుప్పట్లకి ఎర్ర గుర్తులు విప్పేసి, నీలం దారంతో ఇంకో ఓడ గుర్తు కుట్టాలి. అందరూ చెయ్యం అన్నారు. ఒకావిడ కత్తెర నేలకేసి కొట్టింది. మిసెస్ గౌజ్ ఆ కత్తెర వంగి తీసింది. వారంలో ఆమె నడుం వంగిపోయింది.

"నేను కూడా బిడ్డని పోగొట్టుకున్నదాన్నేనే," అంది. "ఇవి దుప్పట్లు. వీటి మీద ఎవరో ఒకరు పడుకోవాలి. మనం చెయ్యకపోతే రేపు వీధి చివరి లాండ్రీ వాళ్ళొచ్చి చేస్తారు. మన పిల్లలకి ఏం పెడతాం?"

ఫ్లోరీ కూర్చుని మొదటి దుప్పటి ఒళ్ళోకి లాక్కుంది. గుడ్డ పీకకుండా, ఒక్కొక్క కుట్టు కింద కత్తెర మొన పెట్టి లేపి, దారం లాగేది. తీసిన దారం ముక్కలు ఆప్రాన్ మీద పడుతుండేవి. రోజంతా తల ఎత్తలేదు. గుర్తు మారిన దుప్పట్లు మళ్ళీ ఇస్త్రీ చేసి మడవాల్సి వచ్చినప్పుడు నెల్ అలవాటుగా రెండు కొసలు పట్టుకుని నిలబడింది. ఫ్లోరీ లేచి వచ్చింది గానీ, నెల్ ఎదురుగా ఆగలేదు. పక్క బల్ల దగ్గరికెళ్ళి ఇంకొకామెతో, "నాతో మడుస్తావా?" అంది.

నెల్ చేతుల్లో దుప్పటి నేలకి వేలాడుతోంది. మిసెస్ గౌజ్ తనే వచ్చి రెండో వైపు పట్టుకుంది. ముసలి చేతులకి విదిలించే బలం లేదు, మడత వంకర పోయింది.

"కొన్నాళ్ళు ఓర్చుకో," అంది మిసెస్ గౌజ్ మెల్లగా. "నీ తప్పేం లేదు. కానీ నిన్ను చూస్తే మాకు కడుపు మండుతుంది తల్లీ. నాకూ మండుతుంది. నిజం చెప్తున్నా."

తిండి వేళ పేపరు చదవడం ఎప్పుడూ నెల్ పనే. ఇప్పుడూ ఆమె చేతికే ఇచ్చారు, చదవగలిగినవాళ్ళు తక్కువ కాబట్టి. అమెరికాలో పెద్దమనుషులు విచారణ పెట్టి, బతికినవాళ్ళని నిలబెట్టి అడుగుతున్నారట. నెల్ గట్టిగా చదువుతోంది. ఓడ మునగదని జనం పడవ ఎక్కడానికే ఇష్టపడలేదట. వెచ్చటి ఓడ వదిలి చీకట్లో ఆ చిన్న పడవ ఎందుకు ఎక్కాలి అన్నారట. తర్వాతి వాక్యం మీద నెల్ కళ్ళు పడ్డాయి. అరవై మందికి పైగా పట్టే పడవలు సగం కూడా నిండకుండా దించేశారట.

ఆమె ఆగిపోయింది.

"ఊఁ, తర్వాత?" అంది ఫ్లోరీ. ఆ గేటు దగ్గర నుంచి వచ్చాక నెల్‌తో నేరుగా అన్న మొదటి మాట అది.

"తర్వాత ఏం లేదు. వాతావరణం గురించి రాశాడు."

ఫ్లోరీ కాసేపు ఆమెనే చూసింది. రొట్టె ముక్క కాగితంలో చుట్టి ఆప్రాన్ జేబులో పెట్టేసుకుంది. నెల్ పేపరు మడిచి ఇస్త్రీ పొయ్యిలో పడేసింది. అదొక్కటే పేపరు అన్నట్టు.

బతికిన పనివాళ్ళని నెలాఖరుకి ఇంటికి తెచ్చారు. సాయంత్రం రైలుకి స్టేషను కిటకిటలాడింది. నెల్ ఎల్సీని మిసెస్ గౌజ్ దగ్గర వదిలి వెళ్ళింది. రైలు దిగినవాళ్ళని జనం మీద పడి ముద్దులు పెట్టుకుంటున్నారు. కొందరు ఆడవాళ్ళు కనపడ్డ ప్రతి మగవాడి చెయ్యీ పట్టుకుని, మా ఆయన్ని చూశావా, మా ఆయన్ని చూశావా అని అడుగుతున్నారు. నెల్ ప్లాట్‌ఫారం అటూ ఇటూ తిరిగింది. టెడ్ లేడు. పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. ఇ. హస్కెట్ అంటే ఇంకెవరైనా కాదు కదా.

పరిగెత్తుకుంటూ వీధిలోకొచ్చింది. తన ఇంటికి ఎదురుగా, రోడ్డు అవతలి అరుగు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎవరివో పొట్టి ప్యాంటు, నావికుల చొక్కా. రెండు చేతులకీ గుడ్డ కట్లు. తన కిటికీ వైపే చూస్తున్నాడు.

"టెడ్."

అతను లేవలేదు. "ఎవరు పోయారు నెల్?" అన్నాడు. "చెప్పెయ్. ఎల్సీయేనా?"

ఆమెకి మొదట అర్థం కాలేదు.

"స్టేషను వెనక గేటు దాటి సందుల్లోంచి వచ్చాను, ఎవరి కంటా పడకూడదని. వచ్చి చూస్తే మన తెర దించి ఉంది. తలుపు కొట్టడానికి కాళ్ళు రాలేదు. ఇక్కడే కూర్చున్నాను." "ఎల్సీకేమైంది?"

"దానికేం కాలేదు. బాగుంది. అయ్యో టెడ్, బాగుంది అది. వీధంతా దించుకున్నారు, మనదొక్కటే ఎలా ఎత్తి ఉంచను?"

టెడ్ అప్పుడు వీధి పొడుగునా చూశాడు. ఒక్కొక్క కిటికీ, ఒక్కొక్క ఇల్లు. పెదవులు కదులుతున్నాయి. ఏ ఇంటి వాడు ఎవరో అతనికి బాగా తెలుసు, అందరూ కలిసి పని చేసినవాళ్ళే. పక్కింటి దగ్గరికి వచ్చేసరికి చూపు దించేశాడు.

ఇంట్లోకొచ్చాక నెల్ వెళ్ళి ఎల్సీని తీసుకొస్తే టెడ్ ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. టీ కప్పు పట్టుకోలేకపోతే నెల్ పట్టుకుని తాగించింది. తెడ్డు వేసీ వేసీ అరచేతులు చీలిపోయాయట, ఆ పైన చలికి వేళ్ళు తిమ్మిరెక్కిపోయాయట.

"ఫ్లోరీ వస్తుంది," అంది నెల్. "రేపో ఎల్లుండో తప్పకుండా వస్తుంది. పడవ గురించి అడుగుతుంది."

"అడుగుతుంది."

"నిండిపోయిందని చెప్పు."

టెడ్ తలెత్తాడు.

"నీ పడవ నిండా జనం, ఇంకొకరికి చోటు లేదు, అని చెప్పు. సిడ్‌ని ఓడలో మంచుగడ్డ తగిలాక చూడలేదని చెప్పు. దానికి అంతకన్నా ఏం అక్కర్లేదు. నా మాట విను."

"నువ్వు పేపర్లో చదివావన్నమాట."

"చదివాను. ఫ్లోరీ చదవలేదు. దానికి చదువు రాదు."

టెడ్ కూతురి జుట్టులో మొహం పెట్టుకుని, "సరే," అన్నాడు.

ఫ్లోరీ మర్నాడు పొద్దున్నే వచ్చింది. పనికి వెళ్ళే దారిలోనే. చంకలో గోధుమరంగు కాగితంలో కట్టిన మూట. దాన్ని బల్ల మీద పెట్టి, కూర్చోమంటే కూర్చోకుండా టెడ్ చేతుల కట్లు చూసింది.

"నొప్పిగా ఉందా?"

"తగ్గుతోంది ఫ్లోరీ."

"సిడ్‌ని చూశావా?"

"పైకి ఇద్దరం కలిసే వచ్చాం." అన్నాడు టెడ్. "పక్కపక్కనే నిలబడ్డాం. తెడ్డు వెయ్యడానికి ఒక మనిషి కావాలని ఆఫీసరు నా భుజం పట్టుకుని తోశాడు. నేను అంచున ఉన్నాను, అంతే. సిడ్ నవ్వాడు. ఆ చెక్క తొట్టిలో నువ్వు పోయి వణుకు, నేను ఇక్కడ వెచ్చగా నిలబడి చూస్తా అన్నాడు. మాకెవరికీ మునుగుతుందన్న ఊహే లేదు. ఒట్టు ఫ్లోరీ. పొద్దున్నే మళ్ళీ ఓడెక్కించుకుంటారు అనుకున్నాం."

"మీ పడవలో ఎంతమంది?"

"నిండిపోయింది," అంది నెల్ వెంటనే. "ఒకరి మీద ఒకరు కూర్చున్నారట. చెప్పు టెడ్."

ఫ్లోరీ ఆమె వైపు చూడలేదు. టెడ్‌నే చూస్తోంది. అతను కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు.

"అరవై మంది పట్టే పడవ," అన్నాడు చివరికి. "ముప్పై మంది కూడా లేం."

నెల్ కళ్ళు మూసుకుంది.

"మునిగాక అరుపులు వినపడ్డాయి. వెనక్కి పోదామని ఒక ఆవిడ అంది. పోతే అందరూ పట్టుకుని పడవ తిరగేస్తారని మిగతావాళ్ళు అన్నారు. తెడ్డు నా చేతిలో ఉంది ఫ్లోరీ. నేనేమీ అనలేదు. తిప్పుదాం అనలేదు, వద్దూ అనలేదు. కూర్చున్నాను. కాసేపటికి అరుపులు ఆగిపోయాయి."

ఎల్సీ పక్క గదిలో ఏదో పాడుకుంటోంది. ఫ్లోరీ కిటికీ పక్క గోడకి ఆనుకుని నిలబడి, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు తల ఊపింది.

"అయితే మా సిడ్ కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటుంది," అంది.

ఆమె నెల్ వైపు తిరిగింది. సూటిగా చూసింది.

"నువ్వు చదవడం ఆపేసిన రోజే ఇంకో పేపరు తెచ్చి వేరేవాళ్ళ చేత చదివించుకున్నాను నెల్. నువ్వు దాచినందుకు నాకు కోపం లేదు. నేనైనా దాచేదాన్ని. నా మొగుడు బతికుంటే."

వెళ్ళడానికి గుమ్మం దాకా నడిచింది. నెల్ మూట చేతిలోకి తీసుకుంది. "ఫ్లోరీ, ఇది మర్చిపోయావు."

"మర్చిపోలేదు. అది టెడ్‌కే. ఎవరివో బట్టలతో వచ్చాడని చెప్పారు. సిడ్ ఆదివారం కోటు. ఓడలోకి మంచి కోటు ఎందుకు, మసి పడుతుంది అని ఇంట్లోనే పెట్టి వెళ్ళాడు."

"ఇది నేను తీసుకోలేను," అన్నాడు టెడ్.

"వేసుకో."

ఆ గొంతుకి ఎదురు చెప్పడానికి లేదు. టెడ్ లేచాడు. నెల్ మూట విప్పి, కట్ల చేతులు గుడ్డలో చిక్కుకుంటుంటే ఒక్కొక్క చెయ్యీ పట్టుకుని కోటులోకి దూర్చింది. సిడ్ పొడుగు మనిషి. కోటు చేతులు వేళ్ళ దాకా దిగిపోయాయి, కట్లు కనపడకుండా. నెల్ అతని ముందు నిలబడి గుండీలు పెడుతోంది. టెడ్ కృతజ్ఞత చెప్పడానికి గుమ్మం వైపు తిరగబోయాడు.

"ఇటు తిరగకు," అంది ఫ్లోరీ.

టెడ్ ఆగిపోయాడు.

"అలాగే ఉండు. కాసేపు అలాగే ఉండు."

ఆమె గుమ్మం దగ్గర నుంచి మళ్ళీ లోపలికొచ్చింది. నెల్‌కి టెడ్ మొహం ఎదురుగా ఉంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు కోటులో ఉన్నాయి. భుజం మీంచి ఫ్లోరీ సగం మొహం కనపడుతోంది. ఆమె ఆ వీపు మీద అరచేయి ఆనించి దుమ్ము దులిపింది. కాలరు సర్దింది.

"ఎప్పుడు చూసినా ఇంతే," అంది సిడ్ మీద రోజూ విసుక్కునే గొంతుతో. "కాలరు లోపలికి మడిచేసి వెళ్ళిపోతావు. నేను చూసుకోకపోతే ఊరంతా ఇలాగే తిరుగుతావు."

టెడ్ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. నెల్ చివరి గుండీ పట్టుకుని పెట్టకుండా అలాగే ఉండిపోయింది.